ఓపెన్ డే కంటే మామూలు మంగళవారం మేలు

ఎం.టెక్. అయ్యాక పీహెచ్‌డీకి ఎక్కడ చేరాలో తేల్చుకోలేక మా చెల్లి ర్యాంకింగుల పట్టికలు ముందేసుకుని కూర్చుంది. అవి పక్కన పెట్టించి బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ ఐఐఎస్సీకి, ఆ తర్వాత చెన్నై ఐఐటీకి తీసుకెళ్లాను. మొదటిచోటికి అందరికీ ల్యాబులు తెరిచి చూపించే ఓపెన్ డే పండగ రోజున, రెండోచోటికి పనిరోజున వెళ్లాం. తేడా అంతా అక్కడే వచ్చింది.

ఐఐఎస్సీ ఓపెన్ డే సాధారణంగా ఫిబ్రవరి, మార్చి ప్రాంతంలో ఒక శనివారం పెడతారు. టికెట్ లేదు. కాచిగూడలో రైలెక్కి యశ్వంతపూర్‌లో దిగితే ఆటోకి కాస్త దూరమే. చెట్లు, రాతి కట్టడం, మంచి కాఫీ, అన్నీ బాగున్నాయి. జనం మాత్రం తిరనాళ్లే. హై వోల్టేజ్ ల్యాబ్‌లో మెరుపు పుట్టించి చూపిస్తారని పెద్ద క్యూ. ఏరోస్పేస్ విభాగం 1942 నాటిది. శ్రీహరికోట కేంద్రానికి ఎవరి పేరు పెట్టారో ఆ సతీశ్ ధవన్ 1951లో చేరింది ఇక్కడే. అక్కడ గాలిని వేగంగా పంపి నమూనాలను పరీక్షించే విండ్ టన్నెల్ గురించి చెబుతున్న రీసెర్చ్ స్కాలర్‌ని మా చెల్లి, "ప్రయోగానికి స్లాట్ దొరకాలంటే ఎన్నాళ్లు ఆగాలండీ?" అని అడిగింది. అతను నోరు తెరిచేలోపే వెనక నుంచి స్కూలు పిల్లల గుంపు తోసుకొచ్చింది. "ఇంకోరోజు రండి మేడమ్" అని నవ్వేశాడు. ఎనిమిదో తరగతి పిల్లలున్నవాళ్లు తప్పకుండా తీసుకెళ్లండి. పీహెచ్‌డీ సంగతి తేల్చుకోవడానికైతే ఆ రోజు పనికిరాదు.

చెన్నైకి మంగళవారం వెళ్లాం, ఒక పీహెచ్‌డీ వైవా, అంటే తన పరిశోధన మీద పరీక్షకుల ప్రశ్నలకు విద్యార్థి జవాబు చెప్పే సభ, వినడానికి. ఈ వైవాలకు బయటివాళ్లు కూడా వెళ్లి కూర్చోవచ్చని చాలామందికి తెలియదు. విభాగం నోటీసు చూసి, ముందుగా ఒక మెయిల్ పెడితే గేటు దగ్గర ఇబ్బంది ఉండదు. సెంట్రల్‌లో మెట్రో ఎక్కి గిండీలో దిగి, అక్కణ్నుంచి ఆటో. 1959లో పశ్చిమ జర్మనీ సాయంతో మొదలైన ఈ క్యాంపస్ సగం అడవే. దుప్పులు రోడ్డు మీదే కనిపిస్తాయి. కోతుల ముందు బిస్కెట్ ప్యాకెట్ తియ్యకండి.

వైవా విషయం గ్యాస్ టర్బైన్ లోపలి మంట. మంట అదిరితే ఒత్తిడి తరంగాలు పుడతాయి, ఆ తరంగాలు తిరిగి మంటనే అదిరేలా చేస్తాయి. రెండూ ఒకే తాళంలో పడ్డాయంటే శబ్దం పెరిగిపోయి ఇంజిన్ భాగాలే పగలొచ్చు. ఆ ప్రమాదాన్ని ముందే పసిగట్టడం ఆ కుర్రాడి పరిశోధన. నాకు సగమే అర్థమైంది. ప్రశ్నల వేళ మాత్రం ఒళ్లంతా చెవులు చేసుకుని విన్నాను. "ఇది మీ చిన్న బర్నర్‌లో పనిచేసింది, నిజమైన ఇంజిన్‌లో?" అని పరీక్షకుడు నిలదీస్తే, "ఆ డేటా నా దగ్గర లేదు సార్" అన్నాడు. గైడు మధ్యలో దూరి వెనకేసుకు రాలేదు, అలాగని చిన్నబుచ్చనూ లేదు. చెల్లి నోట్‌బుక్‌లో రాసుకున్నది ఆ ఒక్క సంగతే.

అయ్యాక టీ, సమోసా. అక్కడ ఇద్దరు తెలుగు పిల్లలు కలిశారు. ఫెలోషిప్ మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 అన్నది అందరికీ తెలిసిందే. పరికరం పాడైతే బాగుచేయడానికి ఎన్నాళ్లు పడుతుంది, గైడు వారానికి ఎంతసేపు దొరుకుతారు, పెళ్లయినవాళ్లకు క్వార్టర్ ఎప్పుడిస్తారు, ఇవన్నీ వాళ్లు దాపరికం లేకుండా చెప్పారు. బెంగళూరులో రోజంతా తిరిగినా ఇందులో ఒక్క ముక్క దొరకలేదు.

బస విషయం: గెస్ట్‌హౌస్ కావాలంటే లోపలివాళ్లెవరైనా మన తరఫున బుక్ చేయాలి. మాకు కుదరక వేళచ్చేరిలో ఒక లాడ్జిలో దిగాం. రాత్రి పదింటికి చేరామని అదనంగా వసూలు చేశారు, ఏసీ శబ్దానికి నిద్ర లేదు. మళ్లీ వెళ్తే మెట్రో దగ్గర్లోనే చూసుకుంటాను, వెయ్యి ఎక్కువైనా సరే.

హైదరాబాద్‌వాళ్లకు ఇంత ప్రయాణం అక్కర్లేదు. కందిలోని ఐఐటీ హైదరాబాద్‌కు సంగారెడ్డి బస్సులో వెళ్లొచ్చు. డ్రైవర్ లేని వాహనాలను పరీక్షించే టిహాన్ ట్రాక్ అక్కడే ఉంది. లోపల దూరాలెక్కువ కాబట్టి ఎండాకాలంలో టోపీ, నీళ్లు ఉంచుకోండి. చెల్లి ఇప్పుడు అక్కడి సెమినార్ నోటీసులు వెతుకుతోంది, అదీ పనిరోజున ఉన్నవే.