ప్రాణహితలో గాలి పడవ మీద రెండు రోజులు

సిరొంచలో బస్సు దిగి ముప్పై కిలోల సంచిని ఆటోలోకి ఎక్కిస్తుంటే, "ఇది డేరానా అన్నా?" అని డ్రైవరు తెలుగులోనే అడిగాడు. మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో ఉన్నా ఈ ఊళ్లో ఎటు చూసినా తెలుగు వినిపిస్తుంది. సంచిలో ఉన్నది గాలి నింపుకునే పాంటూన్ పడవ. రెండు పొడవాటి గాలి గొట్టాలు, వాటిని కలిపే ఇనుప చట్రం, మధ్యలో కుర్చీ, రెండు తెడ్లు. ఒక్కరికే చోటు. అందుకే మా బావమరిది ఒక మత్స్యకారుడి నాటుపడవ మాట్లాడుకున్నాడు.

ప్రాణహిత గోదావరి ఉపనదుల్లో అతి పెద్దది. సిరొంచ దాటగానే కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. దిగువన మేడిగడ్డ బ్యారేజీ స్తంభాలు 2023 అక్టోబరులో కుంగాక, నిల్వ ఉన్న నీటిని వదిలేశారు. మేము వెళ్లిన జనవరిలో ఇసుక దిబ్బలూ వాటి మధ్య సన్నని పాయలూ బయటపడి ఉన్నాయి. జానెడు లోతు నీళ్లలోనూ నా పడవ సాగిపోయింది. నాటుపడవను మాత్రం రెండు చోట్ల దిగి తోయవలసి వచ్చింది.

ఈ పడవ నడపడం నేర్చుకోవలసిన విద్యే. ముఖం దిగువకు పెట్టి కూర్చుని, ప్రవాహానికి ఎదురుగా తెడ్లు లాగాలి. అప్పుడు పడవ నెమ్మదిస్తుంది, గాలం వేయడానికి తీరిక దొరుకుతుంది. ఏ ఒడ్డుకు చేరాలో అటు పడవ వెనుక భాగాన్ని కొద్దిగా తిప్పి లాగితే చాలు, ఏటవాలుగా జరుగుతుంది. మడుగు అంచున లంగరు వేసుకుని రెండు జెల్లలు, ఒక చిన్న వాలుగ పట్టాను. ఆ గంటన్నర కోసమే నేను ఇంత బరువు మోసుకొచ్చింది.

గాలి వీస్తే మాత్రం దీనితో కష్టం. నీటి మీద ఎత్తుగా, తేలికగా ఉంటుంది కనుక ఎదురుగాలికి వెనక్కి పోతుంది. "పొద్దెక్కితే గాలి లేస్తుంది సార్, పది గంటలలోపే కింది మడుగు దాటండి" అని మత్స్యకారుడు ముందే చెప్పాడు. మొదటిరోజు నేను వినలేదు. మూడు గంటలు తెడ్లు లాగి చేతులు బొబ్బలెక్కాయి. భోజనానికి ఆగినప్పుడు మరో తప్పు చేశాను. పడవను ఎండలో వదిలేస్తే లోపలి గాలి వ్యాకోచించి గొట్టాలు బిర్రబిగిసిపోయాయి. కొంత గాలి వదిలాను. మళ్లీ చల్లని నీళ్లలో దించేసరికి అవి మెత్తబడ్డాయి. కాలి పంపు వెంట ఉండబట్టి గట్టెక్కాను.

అవతలి ఒడ్డున, తెలంగాణ వైపు, కృష్ణజింకలకు పేరున్న ప్రాణహిత అభయారణ్యం ఉంది. అటు దిగకండి, అటు గాలం వేయకండి. ఇవతల కూడా స్థానిక మత్స్యకారులను అడిగే నీళ్లలోకి దిగండి. వారి వలలకు పాతిన వెదురు గుంజలు పడవకే ప్రమాదం, వలలు తెగితే వారి జీవనానికే నష్టం. లైఫ్ జాకెట్ లేకుండా మాత్రం ఎంత లోతు తక్కువైనా వద్దు.

బసకు రెండు దారులున్నాయి. కాళేశ్వరంలో దిగితే ఒకే పానవట్టం మీద రెండు లింగాలున్న ముక్తీశ్వరుణ్ణి దర్శించుకోవచ్చు, ఇంట్లో వాళ్లతో వస్తే అదే మేలు. కానీ తెల్లవారుజామునే నీళ్లలో ఉండాలంటే సిరొంచలోనే దిగాలి. మేమున్న లాడ్జిలో వేడినీళ్లు రాలేదు, దుప్పట్లు పలచన. అయినా వచ్చేసారీ అక్కడే దిగుతాను. తెల్లవారుజామున నాలుగింటికి టీ కాచి ఇచ్చారు. సాయంత్రం పడవ ఆరబెట్టుకోవడానికి మేడ తాళం కూడా ఇచ్చారు. మాట్లాడుకున్న ఆటో దిగే రేవుకు గంట ఆలస్యంగా వచ్చింది, ఆ గంటా చీకట్లోనే గడిచింది. రేవు, సమయం, రానూపోనూ డబ్బులు ముందురోజే ఖాయం చేసుకోవాలి. సగం డబ్బులు చివర్లోనే ఇవ్వాలి.

ఆ రాత్రి మేడ మీద చట్రం విప్పితే గొట్టాల తొడుగుకూ ఇనుముకూ మధ్య గుప్పెడు ఇసుక చేరి ఉంది. అలాగే మడిచి ఉంటే తొడుగు అరిగిపోయేది. రెండు బకెట్ల నీళ్లతో కడిగి, గాలి పూర్తిగా తీయకుండా పిట్టగోడకు ఆనించాం. పొద్దున్నే మడిచి సంచిలో పెట్టాం.