సహోద్యోగిని అర్థం చేసుకోవడానికి ఏది మేలు: వ్యక్తిత్వ పరీక్షా, పరిస్థితి పరిశీలనా?

పనిచేసే చోట మనుషులను అంచనా వేయడానికి సాధారణంగా మూడు దారులు కనిపిస్తాయి. మనిషిని ఏదో ఒక రకం కింద చేర్చడం మొదటిది; అతని స్వభావ లక్షణాలను ఎక్కువ తక్కువల లెక్కన కొలవడం రెండవది; అతడు ఎలాంటి పరిస్థితిలో ఉండి అలా ప్రవర్తించాడో చూడడం మూడవది. ప్రచారంలో మొదటిది ముందుంటే, రోజువారీ ఉపయోగంలో మూడవది ముందుంటుందని నా అభిప్రాయం.

రకాల పరీక్షల్లో పేరున్నది మైయర్స్-బ్రిగ్స్ ప్రశ్నావళి. స్విస్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు కార్ల్ యుంగ్ 1921లో వెలువరించిన సిద్ధాంతాన్ని ఆధారం చేసుకొని కేథరిన్ బ్రిగ్స్, ఆమె కుమార్తె ఇసాబెల్ బ్రిగ్స్ మైయర్స్ దీన్ని తయారుచేశారు. ఇది మనుషులను 16 రకాలుగా విడదీస్తుంది. ‘నేను అంతర్ముఖుణ్ణి, అప్పటికప్పుడు అడిగితే చెప్పలేను, ముందే కాగితం పంపండి’ అని మొహమాటం లేకుండా చెప్పుకునే వీలు కల్పించడం దీని వల్ల కలిగే మేలు, అది చిన్న మేలేమీ కాదు. అయితే ఏ లక్షణంలోనైనా రెండు కొసల కన్నా మధ్యలో ఉండేవారే ఎక్కువ. ఆ మధ్యలోనే గీత గీసి అటు వారిని అంతర్ముఖులనీ ఇటు వారిని బహిర్ముఖులనీ అనడం వల్ల, గీతకు దగ్గరగా ఉన్న మనిషి కొన్ని వారాల తరువాత మళ్లీ రాస్తే వేరే రకంలోకి వెళ్లిపోవచ్చు. ‘అచ్చం నా గురించే రాశారు’ అనిపించినంత మాత్రాన అది రుజువు కాదు. 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు తన విద్యార్థులకు పరీక్ష పెట్టి, ఎవరికి వారికి విడిగా రాసిన ఫలితమని నమ్మించి, అందరికీ ఒకే వర్ణన పంచాడు. అది తమకు ఎంత సరిపోయిందో 5కు మార్కులు వేయమంటే సగటు 4.26 వచ్చింది.

రెండవ దారిలో ‘బిగ్ ఫైవ్’ నమూనా ముఖ్యమైనది. కొత్తదనంపై ఆసక్తి, బాధ్యతగా క్రమం తప్పకుండా పనిచేసే గుణం, కలుపుగోలుతనం, సర్దుకుపోయే తత్వం, ఆందోళనకు లోనయ్యే స్వభావం అనే అయిదింటిని ఇది కొలుస్తుందే తప్ప ఎవరినీ గదుల్లో పెట్టి తాళం వేయదు. బారిక్, మౌంట్ అనే పరిశోధకులు 1991లో పూర్వ అధ్యయనాలను క్రోడీకరించి చూసినప్పుడు, వారు పరిశీలించిన వృత్తులన్నింటిలోనూ పని నాణ్యతతో సంబంధం కనబడింది బాధ్యతా గుణానికే, అదీ ఒక మోస్తరుగానే. ఇలాంటి ప్రశ్నావళిని మనమే పూరించుకున్నప్పుడు ఆందోళన వంటి లోపలి సంగతులు మనకే బాగా తెలుస్తాయి. తెలివితేటల వంటి పొగడ్తకో నిందకో తావిచ్చే విషయాల్లో మాత్రం మనల్ని దగ్గరగా చూసినవారి మాటే నమ్మదగినదని సిమిన్ వజీరే అనే మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు 2010లో చూపించింది. కనుక మనల్ని మనం తెలుసుకోవడానికి ఈ దారే మేలు, పక్కన ఒక నిక్కచ్చి సహోద్యోగి ఉంటే మరీ మేలు.

ఇతరుల విషయానికి వచ్చేసరికి లెక్క మారుతుంది. ప్రతి శుక్రవారం నివేదికను ఆలస్యంగా పంపే ఉద్యోగిని చూసి ‘బద్ధకస్తుడు’ అనేస్తాం. అతనికి అంకెలు అందించవలసిన విభాగం వాటిని సాయంత్రం నాలుగు దాటాక పంపుతుందన్న సంగతి మన బల్ల దగ్గరి నుంచి కనబడదు. మన ఆలస్యానికైతే కారణాలు నోటి చివరే ఉంటాయి. ఎదుటివారి ప్రవర్తనకు పరిస్థితిని వదిలి స్వభావాన్నే కారణంగా చూపే ఈ పొరపాటును మనస్తత్వ శాస్త్రజ్ఞుడు లీ రాస్ 1977లో మౌలిక ఆపాదన దోషం అన్నాడు. పరిస్థితి బలం ఎంతటిదో డార్లీ, బాట్సన్ అనే పరిశోధకులు 1973లో ప్రచురించిన ప్రయోగం చూపుతుంది: ప్రసంగించడానికి వెళ్తున్న మత విద్యార్థుల దారిలో బాధతో మూలుగుతున్న మనిషిని ఉంచితే, తొందర లేనివారిలో 63 శాతం మంది సాయపడగా, బాగా తొందరలో ఉన్నవారిలో 10 శాతమే ఆగారు. వారి మతనిష్ఠను కొలిచిన ప్రశ్నావళులు మాత్రం ఎవరు ఆగుతారో చెప్పలేకపోయాయి.

అలాగని అన్నిటికీ పరిస్థితినే సాకు చేస్తే నిజంగా నిర్లక్ష్యంగా ఉండేవారు తప్పించుకుంటారు. ఇక్కడ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ కెల్లీ 1967లో సూచించిన మూడు ప్రశ్నలు అక్కరకు వస్తాయి: ఆ ఉద్యోగి ఎప్పుడూ ఇలాగే చేస్తున్నాడా, వేరే పనుల్లోనూ ఇంతేనా, అదే పని చేసే మిగతావారు సమయానికి ఇస్తున్నారా? మూడింటికీ అవుననే జవాబు వస్తే స్వభావం గురించి మాట్లాడడం న్యాయం. మిగతావారిదీ ఆలస్యమే అయితే సరిచేయవలసింది పని జరిగే తీరు. ఈ పరిశీలనకు కొన్ని వారాలైనా పడుతుంది, అరగంట ఇంటర్వ్యూలో అది కుదరదు. కొత్తవారిని ఎంపిక చేసేటప్పుడు మాత్రం, అభ్యర్థులు తమకు అనుకూలంగా రాసే అవకాశం ఉన్నప్పటికీ, రెండవ దారే కొంత నయం. మైయర్స్-బ్రిగ్స్ పరీక్షను నియామకాలకు వాడకూడదని దాని ప్రచురణకర్తలే చెబుతారు.