సైకిల్ మీద నెమ్మది షట్టర్: ఎన్‌డీ ఫిల్టర్, హ్యాండిల్ క్లాంపు, ఛాతీ పట్టీ – మూడేళ్ల వాడకం తరువాత

ఒడిశాలోని బరంపురం నుంచి గోపాల్‌పూర్ సముద్రతీరం వరకు ఆదివారం తెల్లవారుజామున ఒక మిత్రుడితో కలిసి సైకిల్ తొక్కడం నాకు ఏళ్లుగా అలవాటు. పక్కన సాగే సైకిల్ స్పష్టంగా నిలిచి, వెనుక సరుగుడు తోటలు గీతలుగా సాగిపోయే ఫొటో తీయాలన్న కోరికతో మూడేళ్ల క్రితం లెన్సు ముందు తగిలిస్తే వెలుతురును 64 రెట్లు తగ్గించే నల్లని అద్దాన్ని, అంటే ఎన్‌డీ ఫిల్టరును, కెమెరాను హ్యాండిలుకు బిగించే క్లాంపును కొన్నాను. గీతలు రావాలంటే షట్టర్ కాస్త ఎక్కువసేపు తెరిచి ఉండాలి; ఎండలో అలా తెరిస్తే ఫొటో తెల్లబారిపోతుంది కనుక ఈ ఫిల్టరు కావాలి.

ఫిల్టరు విషయంలో నాకు పూర్తి సంతృప్తి ఉంది. ఎండ బాగా కాసేటప్పుడు ఫిల్టరు లేకుండా, కెమెరా సున్నితత్వాన్ని (ఐఎస్‌ఓ) 100 వద్ద పెట్టి, లెన్సు రంధ్రాన్ని ఎఫ్ 16 వరకు మూసినా షట్టర్ సెకనులో నూరో వంతు దగ్గరే ఆగిపోతుంది. పైగా అంత మూస్తే ఫొటోలో పదును తగ్గుతుంది. ఈ ఫిల్టరు తగిలిస్తే అదే ఎండలో రంధ్రాన్ని అంతగా మూయకుండా ఎఫ్ 5.6 వద్దనే (అంకె తగ్గితే రంధ్రం పెద్దది) 1/15 సెకను దొరుకుతుంది. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో వెళ్లే సైకిల్ ఆ వ్యవధిలో సుమారు 28 సెంటీమీటర్లు ముందుకు జరుగుతుంది, చక్రం దాదాపు ఎనిమిదో వంతు తిరుగుతుంది; కాబట్టి పుల్లలన్నీ కలిసిపోయి పల్చటి బిళ్లలా కనిపిస్తాయి. అంతకుముందు, చేత్తో తిప్పితే నలుపు సాంద్రత మారే రకం ఫిల్టరును కూడా వాడాను కాని, చివరి వరకు తిప్పినప్పుడు ఆకాశం మీద ఇంటూ గుర్తులాంటి నల్లని నీడ పడడంతో దాన్ని పక్కన పెట్టాను.

క్లాంపు మాత్రం నన్ను నిరాశపరచింది. రోడ్డు మీది ప్రతి గతుకు హ్యాండిలు నుంచి నేరుగా కెమెరాకు చేరడం వల్ల, మా ఇద్దరి వేగం సరిగ్గా కలిసినప్పుడు కూడా మిత్రుడి ముఖం రెండుగా కనిపించేది. ఎనిమిదో నెలలో దాని ప్లాస్టిక్ నాలుక విరిగింది. కెమెరా తాడును హ్యాండిలుకు చుట్టి ఉంచడం వల్లనే అది నేలపాలు కాలేదు.

అప్పటి నుంచి ఛాతీకి కట్టుకునే పట్టీ వాడుతున్నాను. మోచేతులు, నడుము కుదుపును చాలావరకు మింగేస్తాయి. రెండు సెకన్లకొక ఫొటో చొప్పున కెమెరా తనంతట తానే తీసేలా పెడతాను కనుక చేతులు బ్రేకుల మీదే ఉంటాయి, చూపు రోడ్డు మీదే ఉంటుంది. జాతీయ రహదారి మీద మాత్రం ఈ ప్రయత్నం అసలు చేయను. కెమెరా ముందుకే చూస్తుంది కాబట్టి మిత్రుడు కొంచెం ముందుగా, ఎడమవైపున, నా వేగంతోనే వెళ్లాలి. దూరాన రోడ్డు కలిసే చోటు కదలకుండా నిలిచి, అంచుల వైపు చెట్లు గీతలుగా విచ్చుకుంటాయి. ఇంత చేసినా వంద ఫొటోలలో నాకు నచ్చేవి ఆరేడు మాత్రమే.

గోపాల్‌పూర్‌లో తెలుగు మాట్లాడే మత్స్యకార కుటుంబాలు చాలా ఉన్నాయి. ఒకసారి వెనుక చేపల గంప కట్టుకుని సైకిల్ మీద వెళుతున్న పెద్దాయనను అడిగి, కొంతదూరం ఆయన వెనుకే తొక్కి ఫొటోలు తీశాను. చూపిస్తే ఆయన తెరను కళ్లకు దగ్గరగా పట్టుకుని, "ఏటి బాబూ, చక్రాలకి పుల్లలేవి?" అని అడిగారు. గంప అల్లిక మాత్రం ఈనె ఈనె లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా వచ్చింది. ఇన్నేళ్లలో నాకు దక్కిన మంచి ఫొటో అదే.

తీరానికి వెళ్లేవారు ఒక్క జాగ్రత్త పాటించాలి. ఉప్పుగాలికి ఫిల్టరు మీద పలుచని పొర పేరుకుని వెలుతురు చుట్టూ మసక వస్తుంది. దాన్ని పొడిగుడ్డతో రుద్దితే గీతలు పడే ప్రమాదం ఉంది కనుక, ఇంటికి రాగానే మంచినీటితో తడిపిన మెత్తని గుడ్డతో తుడిచి, ఆరిన తరువాతే డబ్బాలో పెడుతున్నాను.