పైటెస్ట్ లాగ్ సగంలో తెగితే: మైనస్ ఎస్ మేలా, లాగ్ ఫైల్ మేలా?

రాత్రి పైటెస్ట్‌తో (పైథాన్ కోడ్‌ని పరీక్షించే సాధనం) టెస్టులు నడవడానికి పెట్టి పడుకున్నాను. పొద్దున చూస్తే లాగ్ వాక్యం మధ్యలో ఆగిపోయి ఉంది. రాజోలులో ఇంటి నుంచే పని కాబట్టి ముందు కరెంటునే అనుమానించాను. పాపం, దాని తప్పేమీ లేదు. మెమరీ చాలక సిస్టమే ఆ ప్రాసెస్‌ని చంపేసింది. నాకు కావలసిన చివరి లైన్లే దక్కలేదు.

సఖినేటిపల్లి రేవులో పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) కోసం నిలబడ్డవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. జనం, బళ్లు సరిపడా ఎక్కితే గానీ అది కదలదు. పైథాన్ ప్రింటూ అంతే. ఎదురుగా టెర్మినల్ ఉంటే లైనుకోసారి పంపుతుంది. ఫైల్‌లోకి మళ్లిస్తే మాత్రం బఫర్ (మెమరీలో తాత్కాలికంగా పోగుచేసే చోటు) నిండేదాకా ఆపుకుంటుంది, చాలా వెర్షన్లలో 8192 బైట్లు. పైగా పైటెస్ట్, టెస్టు ముగిసేదాకా అవుట్‌పుట్‌ని దాచి, ఫెయిలైతేనే చూపిస్తుంది. ఈలోగా ప్రాసెస్ చస్తే దాచిందంతా పోయినట్టే.

ఎవరినడిగినా ముందు చెప్పేది మైనస్ ఎస్, అంటే పైటెస్ట్ కమాండ్‌కి -s జోడించడం. అది పెడితే పైటెస్ట్ దాచడం మానేస్తుంది, కానీ పంటు గొడవ తీరదు. బఫర్‌లో ఆపకుండా వెంటనే పంపమని పైథాన్‌కి మైనస్ యూ (-u) కూడా ఇవ్వాలి. పాత కోడ్ ముట్టుకోనక్కర్లేదు, అదే దీని సుఖం. ఎక్స్‌డిస్ట్‌తో (టెస్టుల్ని ఒకేసారి పలు ప్రాసెస్‌లలో నడిపే ప్లగిన్) నాలుగు వర్కర్లు నడిపితే మాత్రం మైనస్ ఎస్ ఉన్నా ప్రింట్లు కనబడవు. నేను నడిపేది అలాగే.

అందుకే లాగ్ ఫైల్ (లాగింగ్ సందేశాల్ని పైటెస్ట్ విడిగా రాసే ఫైల్, --log-file) వైపు మొగ్గాను. పైథాన్ లాగింగ్ ప్రతి రికార్డు రాయగానే బఫర్ ఖాళీ చేస్తుంది కాబట్టి, ప్రాసెస్ హఠాత్తుగా చచ్చినా అప్పటిదాకా రాసింది నిలుస్తుంది. (డెస్క్‌టాప్‌కి కరెంటే పోతే వేరే సంగతి, డిస్క్‌కి చేరనివి కొన్ని పోవచ్చు.) చిక్కులు లేకపోలేదు. లెవెల్‌ని (ఏ స్థాయి సందేశాల నుంచి రాయాలన్నది) ఇన్ఫోకి దించకపోతే వార్నింగులు, ఎర్రర్లే పడతాయి. మళ్లీ నడిపితే పాత ఫైల్ చెరిగిపోతుంది, ఒకసారి అలాగే పోగొట్టుకున్నాను. వర్కర్‌కో ఫైల్ పెట్టాలి. ప్రింట్లు అందులోకి రావు. మా టెస్టుల నిండా ప్రింట్లే, మార్చేసరికి ఆదివారం గడిచిపోయింది.

లాగ్ తెగకుండా, ఫెయిలైన టెస్టులో అసర్ట్ చూపే తేడా మాత్రమే చుక్కలతో ఆగితే ఇవేవీ అక్కర్లేదు, మైనస్ వీవీ (-vv) పెడితే చాలు.

ఒక్క టెస్టు ముందు కూర్చుని చూసేటప్పుడు నాకిప్పటికీ మైనస్ ఎస్సే. రాత్రి పనికి లాగ్ ఫైల్. సోమవారం రాత్రి ప్రాసెస్ మళ్లీ చచ్చింది, ఈసారి చివరి లైన్ దొరికింది: పెద్ద ఎక్సెల్ ఫైల్‌ని మొత్తంగా మెమరీలోకి ఎక్కించే టెస్టు. రాసింది నేనే.