పోలీసులను ఆపడమా, ప్రయాణ ఖర్చు ఇవ్వడమా?

2022 జూన్‌లో అబార్షన్‌ను హక్కుగా గుర్తించిన పాత తీర్పును అమెరికా సుప్రీంకోర్టు కొట్టేశాక టెక్సాస్‌లో అబార్షన్ దాదాపు పూర్తిగా నిషేధం. మనవాళ్లు ఎందరో ఉండే అక్కడి ఆస్టిన్ నగరం రెండు దారులూ పట్టింది: అబార్షన్ కేసుల వెంట పోలీసులు పడకుండా ఆపడం, వేరే రాష్ట్రానికి వెళ్లి చేయించుకునే ఆడవాళ్లకు ప్రయాణ ఖర్చు ఇవ్వడం.

ఖర్చు: మొదటి దారి, అంటే 2022 జులైలో నగరం చేసిన గ్రేస్ యాక్ట్ అనే తీర్మానానికి పెద్దగా డబ్బు అక్కర్లేదు, పోలీసులు ఈ కేసుల్ని చివరికి నెట్టాలి, అంతే. ప్రయాణ నిధికి 2024లో 4 లక్షల డాలర్లు కేటాయించారు.

ఫలితం: మొదటిది భయం తగ్గిస్తుంది గానీ మూతపడ్డ క్లినిక్ తెరిపించలేదు. రెండోది అబార్షన్‌కు అనుమతి ఉన్న న్యూమెక్సికో లాంటి రాష్ట్రానికి విమాన టికెట్, హోటల్, అన్నాళ్లూ పిల్లల్ని చూసుకునే మనిషి ఖర్చు భరిస్తుంది. జీతం కోసుకుని బయల్దేరే ఆడమనిషికి నిజంగా అక్కరకొచ్చేది ఇదే.

రిస్క్: నిధిపై రాష్ట్రం కోర్టుకెక్కింది, 2025లో ఏకంగా నిషేధిస్తూ చట్టం చేసింది.

రాష్ట్రం అడ్డుపడని చోట నిధే మేలు. టెక్సాస్‌లో నగరాలు మొదటి దారిని వదలకూడదు. టికెట్ డబ్బు విరాళాల నుంచే రావాలి.