ఆల్చిప్పలో జింకు, ఇందోర్‌లో ఎక్స్-రే: ఏళ్ల తరబడి వాడాక

విశాఖ తీరంలో రాళ్లను కరచుకుని పెరిగే పచ్చ ఆల్చిప్పలు లోహాలను ఒంట్లో కూడబెట్టుకుంటాయి. వాటిలో జింకు ఎంత ఉందో చెప్పడం కష్టమేమీ కాదు. కణజాలాన్ని ఆమ్లంలో కరిగించి, లోహాల మోతాదును కొలిచే ఐసీపీ-ఎంఎస్ యంత్రానికి ఇస్తే అంకె చేతికొస్తుంది. ఆ జింకు ఏ రూపంలో ఉంది, దాని పక్కన ఏ పరమాణువులు ఉన్నాయి అన్నదే మా ప్రశ్న. ఆమ్లంలో వేసిన మరుక్షణం ఆ సమాచారం పోతుంది.

పైగా జింకు మహా మౌని. ప్రొటీన్‌లో ఇనుము ఉంటే చాలాసార్లు రంగు కనిపిస్తుంది. ఆక్సీకరణ చెందిన రాగి అయితే, జతలేని ఎలక్ట్రాన్లను పసిగట్టే ఈపీఆర్ పద్ధతిలో సంకేతం ఇస్తుంది. జింకు అయాన్‌లో 3డి ఆర్బిటాళ్లు పది ఎలక్ట్రాన్లతో పూర్తిగా నిండి ఉంటాయి కాబట్టి దానికి రంగూ లేదు, ఈపీఆర్ సంకేతమూ లేదు. అందుకే, నమూనా ఏ శక్తి దగ్గర ఎక్స్-రేలను ఎంత పీల్చుకుంటుందో కొలిచే ఎక్స్-రే శోషణ స్పెక్ట్రోస్కోపీని ఆశ్రయించాం. ఏళ్లుగా వాడుతున్న మనిషిగా చెబుతున్నాను: పద్ధతి గొప్పది. అయితే దాన్ని పొగిడేవాళ్లు చెప్పకుండా దాటేసే సంగతులు కొన్ని ఉన్నాయి.

ముందు మంచి. ప్రతి మూలకానికీ లోపలి ఎలక్ట్రాన్‌ను బయటికి నెట్టడానికి కావలసిన శక్తి వేరు. ఇనుముకు 7,112 ఎలక్ట్రాన్ వోల్టులు, రాగికి 8,979, జింకుకు 9,659. సిలికాన్ స్ఫటికాలతో ఎక్స్-రే శక్తిని సరిగ్గా ఆ శక్తి దగ్గరికి (దీన్నే అంచు అంటాం) తెచ్చి మెల్లగా పెంచుకుంటూ పోతే, నమూనాలో ఎన్ని మూలకాలున్నా మనం అడిగినదొక్కటే జవాబు చెబుతుంది. నమూనాను స్ఫటికంగా పెంచాల్సిన అవసరం లేదు. గడ్డకట్టిన ద్రావణం, పొడి, కణజాలపు ముక్క, ఏదైనా సరే. ప్రొటీన్ స్ఫటికాల కోసం నెలలు ఎదురుచూసినవాళ్లకు ఇదెంత పెద్ద వరమో వేరే చెప్పక్కర్లేదు.

స్పెక్ట్రంలో అంచును ఆనుకుని ఉండే భాగాన్ని జానెస్ అంటారు. నా మటుకు ఈ పద్ధతిలో పెట్టిన డబ్బుకు, నిద్రకు పూర్తి విలువ ఇచ్చేది ఇదే. జింకు చుట్టూ ఆరు ఆక్సిజన్లుంటే అంచు మీద నిటారుగా ఎత్తైన శిఖరం వస్తుంది. నాలుగు గంధకాలుంటే ఆ శిఖరం కుంగి వెడల్పవుతుంది. కొత్తగా చేరిన విద్యార్థి కూడా కాగితం మీద చూసి తేడా చెప్పగలడు. జింక్ ఫాస్ఫేట్, జింక్ కార్బనేట్, జింక్-సిస్టీన్ (సిస్టీన్ గంధకం ఉన్న అమైనో ఆమ్లం) వంటి తెలిసిన సమ్మేళనాలను ప్రమాణాలుగా అదే బీమ్‌లైన్‌లో, అంటే ఎక్స్-రే కిరణం నమూనాను తాకే కొలత కేంద్రంలో, కొలిచి పెట్టుకుంటే, కణజాలంలో దేని వాటా ఎంతో సుమారుగా లెక్కకట్టవచ్చు. ప్రమాణాల జాబితాలో లేని రూపం లెక్కలోకి రాదన్నది మాత్రం మరిచిపోకూడదు.

అంచు దాటాక వచ్చే అలలను ఎక్సాఫ్స్ అంటారు. చిక్కంతా ఇక్కడే. పొరుగు పరమాణువుల దూరాల విషయంలో దీనికి తిరుగులేదు. ప్రొటీన్ శుద్ధంగా ఉంటే 0.02 ఆంగ్‌స్ట్రాముల (ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లవ వంతు) తేడాతో చెబుతుంది. 1957లో గుర్రం మూత్రపిండంలో కనుగొన్న మెటలోథయొనీన్ అనే ప్రొటీన్‌నే తీసుకోండి. క్షీరదాల్లో ఇది 20 సిస్టీన్లతో 7 జింకు అయాన్లను పట్టుకుంటుంది. జింకు-గంధకం దూరం 2.34 ఆంగ్‌స్ట్రాముల దగ్గర ఎప్పుడు కొలిచినా అక్కడే వస్తుంది. చుట్టూ ఎన్ని పరమాణువులు అని అడిగితే మాత్రం జవాబులో 20 శాతం దాకా పొరపాటు ఉండవచ్చు. నాలుగా ఐదా అన్న వాదనకు దీన్ని సాక్ష్యంగా తెచ్చేవాళ్లను నేను నమ్మను.

అంతకంటే పెద్ద సంగతి, ఇది సగటు మాత్రమే చెబుతుంది. నమూనాలోని జింకులో సగం నాలుగు గంధకాల మధ్య, మిగతా సగం నాలుగు నైట్రోజన్ లేదా ఆక్సిజన్ల మధ్య ఉందనుకోండి. ఎక్సాఫ్స్ రెండు గంధకాలు, రెండు తేలిక పరమాణువులు అంటుంది. రెండు సిస్టీన్లు, రెండు హిస్టిడిన్లతో (నైట్రోజన్ వలయం ఉన్న అమైనో ఆమ్లాలు) జింకును పట్టుకునే జింక్ ఫింగర్ ప్రొటీన్‌ను కొలిచినా ఇంచుమించు అదే జవాబు. శుద్ధ ప్రొటీన్ అయితే ఈ బెడద లేదు. ఆల్చిప్ప జీర్ణగ్రంథిలాంటి గందరగోళపు కణజాలంలో అందంగా అతికిన వక్రరేఖను చూసి కొత్త ప్రొటీన్ దొరికిందని సంబరపడితే అంతే సంగతులు. హిస్టిడిన్ ఉంటే దాని వలయం వల్ల 3, 4 ఆంగ్‌స్ట్రాముల దగ్గర చిన్న శిఖరాలు కనిపిస్తాయి. అవి కొంత దారి చూపుతాయి కానీ మిశ్రమంలో అవీ పలచబడతాయి.

నైట్రోజన్, ఆక్సిజన్ ఆవర్తన పట్టికలో పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ఎక్సాఫ్స్‌కు రెండూ ఒకటే. తేలిక పరమాణువులతో ఈ అవస్థ అందరిదీ. గాలిలోని నైట్రోజన్‌ను అమోనియాగా మార్చే నైట్రోజినేస్ ఎంజైమ్‌లో మాలిబ్డినం, ఇనుము, గంధకం కలిసిన గుచ్ఛం ఉందని 1978లో చెప్పింది ఎక్సాఫ్సే. దాని ఆకారం స్ఫటిక చిత్రంలో కనిపించింది 1992లో. 2002లో గుచ్ఛం నడుమ ఒక తేలిక పరమాణువు ఉందని తేలింది. అది కార్బనా, నైట్రోజనా, ఆక్సిజనా అన్న వాదన 2011 దాకా నడిచింది. చివరికి కార్బన్ అని తేల్చినవి ఎక్స్-రే ఉద్గార స్పెక్ట్రోస్కోపీ, మరింత స్పష్టమైన స్ఫటిక చిత్రాలు. ఒక్క పద్ధతితో కథ ముగియలేదు.

నమూనా తయారీకి వద్దాం. ఈ పనిలో గెలుపోటములు బలమైన ఎక్స్-రేలు పుట్టించే సింక్రోట్రాన్ దగ్గర కాదు, మన ప్రయోగశాలలోనే తేలిపోతాయి. రబ్బరు చేతి తొడుగుల తయారీలో జింక్ ఆక్సైడ్ వాడతారు. ఆ చేతితో తాకితే చాలు, తొడుగు జింకు మన స్పెక్ట్రంలో చేరుతుంది. ఆమ్లత్వాన్ని నిలకడగా ఉంచే ఫాస్ఫేట్ బఫర్‌లో జింకు అవక్షేపమవుతుంది. సిస్టీన్లు ఆక్సీకరణ చెందకుండా కలిపే డీటీటీ వేస్తే దాని గంధకం జింకును పట్టుకుని సిస్టీన్‌లా నటిస్తుంది. లోహాలను పట్టేసే ఈడీటీఏ జింకును ఏకంగా ఎత్తుకుపోతుంది. శుద్ధి కోసం తగిలించిన ఆరు హిస్టిడిన్ల తోక తనూ జింకు కావాలంటుంది, కాబట్టి దాన్ని కోసేశాకే కొలవాలి. ప్రొటీన్ గాఢత ఒక మిల్లీమోలార్‌కు దగ్గరగా ఉండాలి. అది 100 మైక్రోలీటర్లే అయినా, అంత చిక్కగా చేస్తే సగం ప్రొటీన్లు ముద్దకడతాయి. 20 శాతం గ్లిసరాల్ కలిపి ద్రవ నైట్రోజన్‌లో గబుక్కున గడ్డకట్టిస్తే మంచు స్ఫటికాల బెడద తగ్గుతుంది.

కణజాలాన్ని ఎండబెట్టి పొడి చేసి పట్టుకెళ్లడం సులువే. కానీ ఎండేటప్పుడు జింకు చుట్టూ ఉన్న నీళ్లు పోయి అది కొత్త పొరుగును వెతుక్కుంటుంది. పైగా విశాఖ గాలిలో ఆ పొడిని కాసేపు బయట ఉంచితే చెమ్మగిల్లి, నొక్కిన బిళ్ల అంచులు విరిగిపోతాయి. గడ్డకట్టిన ముక్కలే మేలు.

మేం వెళ్లేది ఇందోర్‌లోని రాజా రామన్న సెంటర్ ఫర్ అడ్వాన్స్‌డ్ టెక్నాలజీకి. అక్కడి ఇండస్-2 సింక్రోట్రాన్ శక్తి 2.5 గిగా ఎలక్ట్రాన్ వోల్టులు. ఎక్సాఫ్స్ కోసం బీఎల్-9 బీమ్‌లైన్, నమూనాలో ఏ మూలకం ఎక్కడుందో చూపే సూక్ష్మ ఫ్లోరెసెన్స్ పటాల కోసం బీఎల్-16. దరఖాస్తు పెట్టి సమయం పొందాలి. వచ్చిన సమయంలో రాత్రీ పగలూ తేడా ఉండదు. విశాఖ నుంచి డ్రై షిప్పర్‌తో (నమూనాలను గడ్డకట్టిన స్థితిలో మోసే పాత్ర) విమానం మారి వెళ్లడం వేరే కథ. అందులో ద్రవం స్వేచ్ఛగా ఉండదని, లోపలి పదార్థం నైట్రోజన్‌ను పీల్చేసుకుంటుందని విమాన సంస్థ కౌంటర్ దగ్గర ప్రతిసారీ మొదటినుంచి చెప్పాలి. కాగితాలు రెండు ప్రతులు తీసుకెళ్లండి.

జింకుకు మారడానికి వేరే ఆక్సీకరణ స్థితి లేదు కాబట్టి స్కాన్ మీద స్కాన్ తీసి సగటు చేసుకోవచ్చు. రాగితో ఆ పప్పులుడకవు. ఎక్స్-రేలు నీళ్లలో విడుదల చేసే ఎలక్ట్రాన్లు రెండో ఆక్సీకరణ స్థితి రాగిని కొలుస్తుండగానే మొదటి స్థితికి దించేస్తాయి. 8,984 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర శిఖరం స్కాన్ స్కాన్‌కూ పెరుగుతుంటే మీరు చూస్తున్నది ప్రొటీన్‌ను కాదు, మీరు చేసిన నష్టాన్ని. చల్లబరిస్తే నష్టం నెమ్మదిస్తుందే గానీ ఆగదు.

ఫ్లోరెసెన్స్ పటాలు చూడముచ్చటగా ఉంటాయి, ప్రచురణకు బాగా పనికొస్తాయి. హార్బర్ నమూనాలు కొలిచేవాళ్లకు ఒక్క హెచ్చరిక: ఆర్సెనిక్ వెలువరించే ప్రధాన ఎక్స్-రే రేఖ 10.54, సీసం రేఖ 10.55 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. డిటెక్టర్‌కు రెండూ ఒకటే. సీసం రెండో రేఖను 12.6 దగ్గర చూడకుండా ఆర్సెనిక్ ఉందని రాయకండి.

విశ్లేషణకు అథీనా, ఆర్టెమిస్ సాఫ్ట్‌వేర్లు ఉచితం, నేర్చుకోవడమూ తేలికే. అందుకే దుర్వినియోగమూ ఎక్కువ. మామూలు కొలతల్లో ఒక స్పెక్ట్రం నుంచి వచ్చే స్వతంత్ర సమాచారం 11 అంకెల దగ్గర ఆగిపోతుంది. 14 పరామితులతో అతికించి పత్రం పంపేవాళ్లున్నారు. సమీక్షకు వస్తే నేను ముందు చూసేది ఆ పట్టికే.

ఎవరికి సిఫారసు చేస్తానంటే, ప్రొటీన్‌ను శుద్ధి చేయగలిగినవాళ్లకు కళ్లు మూసుకుని. కణజాలం మీద పనిచేసేవాళ్లు జానెస్‌తో మొదలుపెట్టి, ఎక్సాఫ్స్‌ను అనుమానంగానే చూడాలి. మొత్తం లోహం ఎంతో తెలిస్తే చాలనుకునేవాళ్లు ఐసీపీ-ఎంఎస్ దగ్గరే ఆగిపోవచ్చు, ఇంత దూరం రానక్కర్లేదు. రాగి మీద పనిచేసేవాళ్లు మాత్రం దరఖాస్తు రాసే ముందే, బీమ్‌లైన్‌లో నమూనాను ఎంతవరకు చల్లబరచగలరో అడిగి, ఆ జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.