‘1991 ఒరిజినల్ నెవర్‌మైండ్ ఎల్‌పీ’ అంటే నమ్మి డబ్బు కట్టకండి

అమెరికన్ రాక్ బ్యాండ్ నిర్వాణ రెండో ఆల్బం ‘నెవర్‌మైండ్’ ఎల్‌పీని (పెద్ద గ్రామఫోన్ రికార్డును) ‘1991 ఒరిజినల్ ప్రెస్సింగ్, సీల్డ్, మార్బుల్ కలర్, 180 గ్రాములు’ అని అమ్మే లిస్టింగులు ఆన్‌లైన్‌లో తిరుగుతున్నాయి. ప్రెస్సింగ్ అంటే ఒక విడతలో అచ్చు వేసిన రికార్డులు. డబ్బు కట్టే ముందు ఆగండి. ఆ మాటలన్నీ ఒకే రికార్డుకు కుదరవు. 1991లో మ్యూజిక్ కంపెనీ డీజీసీ వేసిన ఎల్‌పీ మామూలు నల్ల రికార్డు. అలాంటి లిస్టింగు నుంచి వచ్చిన ఒక కాపీని అట్ట నుంచి చివరి పాట దాకా పరీక్షిస్తే పచ్చి నకిలీ అని తేలింది. ఇదే సరుకు రకరకాల పేర్లతో అమ్ముడవుతోంది కాబట్టి అమ్మినవాళ్ల పేరు కన్నా సరుకును గుర్తుపట్టడం ముఖ్యం.

నకిలీలకు ఈ ఆల్బమే ఎందుకు దొరికిందంటే, ప్రపంచమంతా కలిపి 3 కోట్లకు పైగా కాపీలు అమ్ముడైనా వాటిలో ఎక్కువ భాగం సీడీలు, క్యాసెట్లే. 1991 నాటికి అమెరికాలో కంపెనీలు ఎల్‌పీలను దాదాపు పక్కన పెట్టేశాయి. అందుకే అప్పటి ఎల్‌పీలు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ.

ఈ ఆల్బం విషయంలో నకిలీ కొంటే పోయేది డబ్బు ఒక్కటే కాదు. మొదటి ఆల్బం ‘బ్లీచ్’ 1989లో సుమారు 600 డాలర్ల ఖర్చుతో తయారైంది. మొత్తం మొరటుగా, బరువుగా ఉంటుంది. రెండోదానికి వచ్చేసరికి బ్యాండ్ గాయకుడు కర్ట్ కోబేన్ రాసిన బాణీల్లో తియ్యదనం బయటపడింది. నిర్మాత బుచ్ విగ్ 1991 మే, జూన్ నెలల్లో లాస్ ఏంజెలిస్ దగ్గర సౌండ్ సిటీ స్టూడియోలో ఎక్కువ పాటలు రికార్డు చేశాడు, ఆండీ వాలెస్ మిక్స్ చేశాడు, మాస్టరింగ్ (చివరి ధ్వని దిద్దుబాటు) హోవీ వైన్‌బర్గ్ చేతుల్లో జరిగింది. ‘ఇన్ బ్లూమ్’లో గొంతును రెండుసార్లు పాడించి ఒకదాని మీద ఒకటి పెట్టారు. ‘కమ్ యాజ్ యు ఆర్’ గిటారుకు ధ్వనిని అలలా ఊపే స్మాల్ క్లోన్ కోరస్ పెడల్ వాడారు. మెల్లగా మొదలై ఒక్కసారిగా విరుచుకుపడటం ఈ పాటల ప్రాణం. మెల్లని భాగం శుభ్రంగా వినపడకపోతే తర్వాత వచ్చే విరుపుకు విలువే ఉండదు.

నకిలీ దొరికిపోయేది కూడా అక్కడే. ఎల్‌పీలో రెండు వైపులా చివరి పాటలు చాలా మెల్లనివి: మొదటి వైపు ‘పాలీ’, రెండో వైపు ‘సమ్‌థింగ్ ఇన్ ద వే’. రికార్డు నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది. బయటి అంచు దగ్గర గాడి ముల్లు కింద సెకనుకు దాదాపు 50 సెంటీమీటర్లు కదిలితే, లేబులు దగ్గరికి వచ్చేసరికి అది సుమారు 21కి పడిపోతుంది. అంత ఇరుకులో ధ్వని పట్టాలంటే కటింగు (గాడి చెక్కడం), ప్రెస్సింగు రెండూ బాగుండాలి. నాసిరకం ప్రెస్సింగులో చివరి పాటలే ముందు చెడిపోతాయి. ‘సమ్‌థింగ్ ఇన్ ద వే’ను కోబేన్ కంట్రోల్ రూం సోఫాలో పడుకుని గొణుగుతున్నట్టు పాడాడు. ఆ పాటలో కర్క్ కానింగ్ చెల్లో కూడా ఉంది. నకిలీ కాపీలో ఆ గొంతు కంటే వెనక చిటపట ఎక్కువ వినపడింది, వేడి పెనం మీద నీళ్లు చల్లినట్టు. ‘స’, ‘ష’ అక్షరాలు చీలిపోయాయి. చెల్లో లాగిన ప్రతి స్వరం మెల్లగా పైకీ కిందికీ ఊగింది.

ఆ ఊగడానికి కారణం మధ్య రంధ్రం సరిగ్గా మధ్యలో లేకపోవడం. పాట నడుస్తున్నప్పుడు టోన్‌ఆర్మ్‌ను (ముల్లును పట్టుకునే చేతిని) గమనించండి. ప్రతి 1.8 సెకన్లకు ఒకసారి, అంటే చుట్టుకొకసారి, అది ఎడమకూ కుడికీ ఊగుతుంటే రంధ్రం తప్పినట్టే. పైకీ కిందికీ ఎగురుతుంటే మాత్రం రికార్డు వంగిపోయింది. అసలు కంపెనీ రికార్డుల్లోనూ ఈ రెండు లోపాలు అప్పుడప్పుడూ వస్తాయి. కాబట్టి వీటిని చూసి రికార్డు తిప్పి పంపొచ్చు గానీ, వీటితోనే నకిలీ అని తేల్చేయకూడదు.

తేల్చేది బార్‌కోడు. డీజీసీ కేటలాగ్ నంబరు 24425. ఎల్‌పీ బార్‌కోడు 720642442517, సీడీది 720642442524. చివరి అంకె యంత్రం సరిచూసుకోవడానికి పెట్టింది, దాని ముందున్నది ఫార్మాట్‌ను చెబుతుంది: 1 అంటే ఎల్‌పీ, 2 అంటే సీడీ, 4 అంటే క్యాసెట్. నకిలీలు చేసేవాళ్లు చాలాసార్లు సీడీ అట్టను స్కాన్ చేసి పన్నెండు అంగుళాలకు పెంచి ముద్రిస్తారు, దాంతో సీడీ బార్‌కోడే ఎల్‌పీ అట్ట మీదికి వచ్చేస్తుంది. పైన చెప్పిన కాపీ మీద ఉన్నది 524తో ముగిసే నంబరు. అమ్మేవాళ్లను ముందే వెనక అట్ట ఫొటో అడగండి. ‘సీల్ ఉంది, స్పష్టంగా రాదు’ అంటే అక్కడితో వదిలేయండి. ఆల్బం వార్షికోత్సవాలకు మళ్లీ విడుదల చేసిన సెట్లకు వేరే బార్‌కోడ్లు ఉంటాయి కాబట్టి 1991 ఎల్‌పీ అన్నవాటికే ఈ పరీక్ష పెట్టండి.

స్కాన్ చేసిన ముద్రణను గుర్తుపట్టడం కూడా కష్టం కాదు. ముందు అట్ట మీద గాలానికి గుచ్చిన డాలర్ నోటును పది రెట్లు పెద్దగా చూపే భూతద్దంతో గానీ, ఫోన్ మాక్రో కెమెరాతో గానీ చూడండి. మంచి ముద్రణలో రంగు చుక్కలు ఒకే క్రమంలో ఉంటాయి. ముద్రించినదాన్నే మళ్లీ స్కాన్ చేసి ముద్రిస్తే చుక్కల మీద చుక్కలు పడి అలల్లాంటి గళ్లు కనిపిస్తాయి, నోటు మీది సన్నని గీతలు అలుక్కుపోతాయి. వెనక అట్ట మీద రబ్బరు కోతి వెనకున్న కొలాజ్ ముదురు చోట్ల మసిగా మారుతుంది. ఒక సంగతి మాత్రం గుర్తుంచుకోండి: కోతి ఫొటో క్రెడిట్‌లో పేరు ‘కర్డ్ట్ కోబేన్’ అని ఉంటే అది అచ్చుతప్పు కాదు, అసలు అట్టలోనే అలా ఉంది. దాన్ని చూసి మంచి కాపీని వదులుకోకండి.

లోపలి కాగితం చూడండి. అసలు అట్టలో పాటల సాహిత్యం పూర్తిగా ఉండదు, అక్కడక్కడి పంక్తులు కలిపి రాసినట్టు ఉంటాయి. పన్నెండు పాటల సాహిత్యం 1992లో ‘లిథియం’ సింగిల్‌తో పాటు వచ్చింది. ‘1991 ఒరిజినల్’లో సాహిత్యమంతా నీట్‌గా అచ్చేసిన కాగితం ఉంటే అనుమానించాల్సిందే. అలాగే ‘ఎండ్‌లెస్, నేమ్‌లెస్’ 1991 ఎల్‌పీలో లేదు. అది సీడీ చివర, దాదాపు పది నిమిషాల నిశ్శబ్దం తర్వాత దాచిన పాట. 2021లో వచ్చిన ముప్ఫయ్యో వార్షికోత్సవ ఎల్‌పీతో దాన్ని విడిగా 7 అంగుళాల రికార్డు మీద ఇచ్చారు. మీ ‘1991’ రికార్డు రెండో వైపు ఆ పాట వినపడిందంటే అది సీడీ నుంచి దించిన సరుకే. అసలు ఎల్‌పీలో మొదటి వైపు సుమారు 23 నిమిషాలు, రెండో వైపు 19 నిమిషాలకు కాస్త పైన.

చివరి పాటకూ లేబులుకూ మధ్య ఖాళీ పట్టీలో గీసిన అక్షరాలను టార్చి వాలుగా పట్టి చదవండి. రికార్డుల వివరాలు నమోదు చేసే సైటు డిస్‌కాగ్స్‌లో ఒక్కో ప్రెస్సింగుకు ఆ గుర్తులు, లేబుల్ ఫొటోలు ఉంటాయి, వాటితో అక్షరం అక్షరం పోల్చండి. అనధికారిక ప్రెస్సింగులను వాళ్లు ఆ పేరుతోనే నమోదు చేసి, తమ సైటులో అమ్మనివ్వరు. ‘180 గ్రాములు’ నిజమో కాదో వంటింటి డిజిటల్ కాటాయే చెబుతుంది. మామూలు రికార్డు 120 నుంచి 140 గ్రాముల మధ్య ఉంటుంది. నకిలీ కాపీ కూడా ఆ మామూలు బరువే తూగింది. అయినా బరువు ఉంటే ధ్వని బాగుంటుందన్న హామీ ఏమీ లేదు.

ఇంకా అనుమానం ఉంటే ఈ ఆల్బంలోని ‘బ్రీడ్’ పాటను కంప్యూటర్‌లోకి రికార్డు చేసి ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో ‘ప్లాట్ స్పెక్ట్రమ్’ చూడండి. 16 కిలోహెర్ట్జ్ దగ్గర గోడ కట్టినట్టు ధ్వని ఆగిపోతే తక్కువ రకం ఎంపీ3 నుంచి చేసి ఉండొచ్చు. డ్రమ్స్ సింబల్స్ శబ్దం సలసలమని కరిగినట్టు వినపడటం కూడా దీనివల్లే. అరిగిన ముల్లు కూడా పై ధ్వనులు తినేస్తుంది, కాబట్టి ముందు మంచిదని తెలిసిన మరో రికార్డు పెట్టి పోల్చుకోండి.

సీడీల వైపు ఇంకో మోసం ఉంది. మొదట అచ్చయిన సుమారు 20,000 సీడీల్లో పొరపాటున ‘ఎండ్‌లెస్, నేమ్‌లెస్’ పడలేదు. దాన్ని అడ్డం పెట్టుకుని ఆ పాట లేని ప్రతి సీడీనీ ‘అరుదైన మొదటి ప్రెస్సింగు’ అని అంటగడుతున్నారు. పాట లేకపోవడం ఒక్కటే చాలదు. మొత్తం నిడివి 59 నిమిషాలకు బదులు 42 నిమిషాలు ఉండటంతో పాటు, సీడీ లోపలి వలయం మీది నంబర్లు కూడా మొదటి ప్రెస్సింగు నంబర్లతో సరిపోవాలి.

పార్సిల్ వచ్చాక చిరునామా కనిపించేలా ఏకబిగిన వీడియో తీస్తూ విప్పండి. సీల్ తీస్తే రిటర్న్ లేదని అమ్మినవాళ్లు చెబితే లొంగకండి. మన దేశంలో 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం లోపమున్నదీ, నకిలీదీ, చెప్పినట్టు లేనిదీ వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనడానికి వీల్లేదు. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో సైటు తెలియజేయాలి, నెలలోగా పరిష్కరించాలి. కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. విదేశాల నుంచి పేపాల్‌తో కట్టి ఉంటే 180 రోజుల్లోగా డిస్ప్యూట్ వేయొచ్చు. ఫిర్యాదులో ‘సౌండ్ బాలేదు’ అని రాస్తే అభిరుచి అని తోసేస్తారు. ‘1991 ఎల్‌పీ అని అమ్మారు, అట్ట మీద సీడీ బార్‌కోడు 720642442524 ఉంది’ అని రాసి ఫొటో జత చేయండి. డబ్బు తిరిగి వచ్చే దాకా రికార్డును, అట్టను, ప్యాకింగును పారేయకండి.